పంతొమ్మిదేళ్ళ నూనె

కొండ మీది రోడ్డు తెగిపోయి నాలుగు రోజులైంది. బస్సులు లేవు, లారీలు లేవు. కొండకు అవతల గనుల ఊళ్ళో, ఆసుపత్రి మంచం మీద, ఛాతీ నలిగిపోయిన తమ్ముడున్నాడు. తెల్లవారగానే అక్కడి నర్సు అక్కకు ఫోన్ చేసింది. "ఆయన మిమ్మల్నే అడుగుతున్నారమ్మా. రాగలిగితే ఇవాళే రండి. రేపటి సంగతి డాక్టరుగారే చెప్పలేకపోతున్నారు" అంది.

రోడ్డు లేకపోయినా, ఒకప్పుడు కలప దించిన పాత బాట ఒకటుంది. రాళ్ళు, వేళ్ళు, నడుమ ఒక వాగు. స్కూటరు వెళ్ళదు, కారు సంగతి సరేసరి. ఎత్తుగా నిలబడి, గరుకు పళ్ళ టైర్లున్న మట్టి రేసు బండయితే వెళుతుంది. అలాంటి బండి ఈ వీధుల్లో ఒక్కటే ఉంది. అది తమ్ముడిదే. పంతొమ్మిదేళ్ళ క్రితం నాన్న, "ఆ బండి కావాలో ఈ ఇల్లు కావాలో తేల్చుకో" అంటే, రెండూ వదిలేసి చేతి సంచితో బస్సెక్కినవాడు తమ్ముడు. ఆ సాయంత్రమే నాన్న షెడ్డుకు తాళం వేశాడు. తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. తమ్ముడి పేరు ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

అలాంటి నాన్న, ఈ ఉదయం అక్క సుత్తి పట్టుకుని షెడ్డు వైపు నడుస్తుంటే, మెడలోని తాడు తీసి బల్ల మీద పెట్టాడు.  అక్క దానికున్న తాళంచెవి పెట్టి తిప్పితే తాళం చప్పుడు లేకుండా ఊడి వచ్చింది. ఇన్నేళ్ళు మూసి ఉన్న తాళం అంత మెత్తగా తిరగకూడదని ఆ కంగారులో ఆమెకు తట్టలేదు.

*

"నిదానం, అక్కా. నిదానం" అన్నాడు మెకానిక్కు.

ఆ మాట రోజుకు వందసార్లు అంటాడు కాబట్టే అతనికి ఆ పేరు స్థిరపడింది. బజారంతా అతన్ని నిదానం అనే పిలుస్తుంది. తమ్ముడి ఈడువాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఈ బండి మీదే పడి లేచారు. ఆ పడటాల్లో ఒకదాని గుర్తుగా అతని కుడి మోకాలిలో ఇనుప కడ్డీ ఉంది. ఆ కాలు వంగదు. లేకపోతే తానే వెళ్ళేవాడు.

"నిదానమేంట్రా నీ మొహం! టైమెంతయిందో చూశావా? పదిన్నర. రెండింటికల్లా బయల్దేరకపోతే వాగు దాటేసరికి చీకటి పడిపోద్ది."

"చూశాను. నువ్వరిస్తే ఇది స్టార్టవుద్దంటే చెప్పు, నేనూ అరుస్తాను."

బండిని షెడ్డులోంచి వాకిట్లోకి తెచ్చారు. ఎర్ర ట్యాంకు మీద దుమ్ము గడ్డకట్టింది. సీటు పైతోలు పగిలి పసుపు స్పాంజి బయటికి చూస్తోంది. అక్క వృత్తి సీట్లు కుట్టడం. ఇరవై రెండేళ్ళుగా ఆటోలకు, బస్సులకు, లారీలకు కుడుతోంది. వీధిలో పిల్లలు ఆమెను సీట్లత్త అంటారు. ఈ సీటు కూడా ఆమె కుట్టిందే. కుట్టడం నేర్చుకున్న మొదటి నెల్లో కుట్టింది కాబట్టి దారం వంకరగా పోయింది. "అక్కా, ఇది సీటా, పాము వెళ్ళిన దారా?" అని తమ్ముడు రోజంతా ఏడిపించాడు. విప్పి మళ్ళీ కుడతానంటే మాత్రం ఒప్పుకోలేదు.

దాన్ని ఇప్పుడు చూస్తూ నిలబడితే పని జరగదని ఆమెకు తెలుసు. చూడకుండా ఉండటమూ చేతకాలేదు.

నిదానం ట్యాంకు మూత తీసి వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "పెట్రోలు కాదిది, వార్నీషు. వాడు ఉన్న పళాన పోయాడు కదా, ఇందులోదంతా ఇందులోనే ఎండిపోయింది." ట్యాంకు విప్పి దించి, అందులో గుప్పెడు నట్లు, కొంచెం పెట్రోలు పోసి అక్క చేతికిచ్చాడు. "గిలక్కొట్టు. తుప్పంతా రాలాలి. చేతులు పడిపోయేదాకా కొట్టు."

అక్క ఆ ట్యాంకును ఒళ్ళో పెట్టుకుని గిలక్కొట్టింది. లోపల నట్లు గలగలమన్నాయి. తుప్పు కలిసిన పెట్రోలు పారబోయడం, మళ్ళీ పోయడం, మళ్ళీ కొట్టడం. 

అతను కార్బొరేటరు విప్పి పాత తువ్వాలు మీద పరిచాడు. లోపల పెట్రోలు బంకలా పట్టి ఉంది. జెట్టు అనే ఇత్తడి ముక్కకు వెంట్రుకంత రంధ్రం ఉంటుంది. అది పూడిపోయింది.

"సూది ఇవ్వనా?" అంది అక్క.

"సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుద్ది, బండి పెట్రోలు తాగేసి చస్తుంది. నీ సూదులు సీట్లకి దాచుకో." వైరు తొక్క తీసి, లోపలి రాగి పోగుల్లో ఒక్కదాన్ని లాగి, ఊపిరి బిగబట్టి ఆ రంధ్రంలోకి దించాడు. తీశాడు. ఎండకు ఎత్తి చూశాడు. మళ్ళీ దించాడు. ఆ పదిహేను నిమిషాలూ అక్క గోడ మీది గడియారం వైపు చూడకుండా ఉండటానికి గేటు ఊచలు లెక్కపెట్టింది.

గాలి వడకట్టే ఫిల్టరు ముట్టుకోగానే పిండి పిండయింది. ఆ పని మాత్రం అక్కది. లోపలికెళ్ళి స్పాంజి షీటు తెచ్చి, కొలిచి, కత్తిరించి, అంచు కుట్టి, నూనెలో ముంచి పిండి ఇచ్చింది. ఈసారి కుట్టు నిట్టనిలువుగా వచ్చింది. చూసి ఏడిపించేవాడు కొండకు అవతల ఉన్నాడు.

ఇంతసేపూ నాన్న చేతికర్ర పక్కన పెట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చునే ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు నీళ్ళ పంపుహౌసులో చేసి, ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం ఆ మోతకే ఇచ్చేశాడు. పంపుల దగ్గర మాటలు వినపడవు కాబట్టి అక్కడివాళ్ళంతా చేతులతో మాట్లాడుకునేవారు. పిడికిలి బిగించి ఎత్తితే "నడవనీ" అని. అరచేయి విప్పి ఎత్తితే "ఆపెయ్" అని. ఇంట్లోనూ అదే భాష. చిన్నప్పుడు అక్కా తమ్ముళ్ళు కొట్టుకుంటుంటే నాన్న అరచేయి లేచేది, ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయేవారు. అన్నం తింటుంటే పిడికిలి ఎత్తేవాడు. ఇంకా తినండి, నడవనీ, అని. అమ్మ నవ్వేది.

అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆ రోజు తమ్ముడొచ్చాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. నాన్న తల ఎత్తలేదు, చేయీ ఎత్తలేదు. తమ్ముడు అక్కడినుంచే దండం పెట్టి వెళ్ళిపోయాడు. అక్క అతన్ని చూడటం అదే ఆఖరు. ఎవరైనా వెళ్ళేటప్పుడు, ఇదే ఆఖరని చెప్పి వెళ్ళరు. చెప్పి వెళితే మనం ఇంకాస్త సరిగ్గా చూసుకుంటాం కదా. ఆ రోజు తమ్ముడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో అక్కకు ఎంత తలచుకున్నా గుర్తు రాదు.

*

"ఇప్పుడు అసలు భయం" అన్నాడు నిదానం, చేతులు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళు నిలబడిన ఇంజను పట్టేసి ఉంటుంది. పిస్టను తుప్పు పట్టి సిలిండరు గోడకి అతుక్కుపోతుంది. అలా అయితే ఇవాళ కాదు, ఈ నెల్లో కూడా కాదు. ముందే చెబుతున్నాను, నన్ను తిట్టకు."

అతను వంగని కాలు పక్కకు చాపి, కిక్కరు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నొక్కాడు.

కిక్కరు దిగింది.

బరువుగా దిగింది, కానీ దిగింది. నిదానం మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దిగింది. అతని మొహంలో సంతోషం రాలేదు. చెయిన్ మీద వేలు పెట్టి చూశాడు. వేలికి నూనె అంటింది. వెనక చక్రం తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. ఆ తర్వాత అక్క వైపు తిరిగాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"ఎవరు ముట్టుకుంటారు? తాళం వేసుంది."

"అక్కా, నాతో పరాచికాలొద్దు. ఇది పంతొమ్మిదేళ్ళు పడుకున్న ఇంజను కాదు. దీన్నెవరో కదుపుతూనే ఉన్నారు. చెయిన్‌కి నూనె ఎవరు రాశారు? నువ్వేనా?"

"నా దగ్గర తాళంచెవెక్కడిది?"

అలా అన్నాక, ఆ మాట ఎటు వెళుతుందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇద్దరూ వరండా వైపు చూశారు. నాన్న తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

నిదానం షెడ్డులోకి వెళ్ళి వెతికాడు. బండి నిలబడిన చోట రెండు చెక్క దిమ్మలు. సైలెన్సరు గొట్టం కింద ఉండే చోట ఒక రేకు డబ్బా, అందులో నల్లటి నూనె. గోడ మేకుకు అట్టముక్కల కట్ట ఒకటి తాడుతో వేలాడుతోంది. తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

అలాంటి అట్టలు అక్కకు తెలుసు. పంపుహౌసులో వాడకుండా సిద్ధంగా ఉంచిన పంపుకు అలాంటివి కట్టేవారు. పైన "స్టాండ్‌బై" అని రాసి, కింద తేదీలు. ఆగి ఉన్న పంపును నెలకొకసారి చేత్తో తిప్పాలి. తిప్పినవాడు తేదీ వెయ్యాలి. లేకపోతే ఇరుసు తన బరువుకు తానే ఒంగి, అవసరం వచ్చిన రోజున కదలదు.

ఏడాదికొక అట్ట. పంతొమ్మిది అట్టలు. అన్నిటి మీదా నాన్న గుండ్రటి రాత. పై అట్ట మీది చివరి తేదీ ఈ నెల ఒకటి.

అక్క వరండా మెట్లెక్కింది. ఆ కట్ట నాన్న ఒళ్ళో పడేసింది.

"ఏంటిది నాన్నా?"

నాన్న వినపడనట్టు తల పక్కకు తిప్పాడు.

"కుడి చెవి వైపే నిలబడ్డాను. వినపడుతోందని నాకు తెలుసు. ఏంటిది?"

"స్టాండ్‌బైలో ఉన్నది ఎప్పుడు కావాల్సొస్తుందో చెప్పలేం" అన్నాడు నాన్న.  "అడిగిన రోజున తిరగాలి. నెలకోసారి ప్లగ్గు తీసి, చెంచాడు నూనె పోసి, కిక్కరు చేత్తో నొక్కేవాణ్ణి. నువ్వు సీట్ల కొట్టుకెళ్ళాక."

"ఎవరడుగుతారని?"

నాన్న అట్టలు సర్దాడు. అంచులు సమంగా వచ్చేలా ఒళ్ళోనే తట్టాడు.

"ఎవరడుగుతారని తిప్పావు నాన్నా? ఈ ఇంట్లో వాడి పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోయేవాడివి. వాడు రాసిన ఉత్తరాలు విప్పకుండా వెనక్కి పంపించావు. అమ్మ పోయిన రోజు వాడు ఆ గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో తెలుసా నీకు? నాకు తెలుసు, నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి తలెత్తలేదు నువ్వు. నెలనెలా బండిని తిప్పడానికి లేచిన చెయ్యి, ఒక్క ఫోన్ చెయ్యడానికి లేవలేదా?"

"బండి తిట్టదు" అన్నాడు నాన్న.

అక్క వంగి పై అట్ట మీది తేదీ మళ్ళీ చదివింది.

"వాడొస్తే తలుపు తీసి చూపిద్దామనుకున్నా. చూసుకో, నీ బండి నీ కోసమే ఉందిరా అని. ఆ మాట చాలనుకున్నా. ఈ ఏడు వస్తాడు, వచ్చే ఏడు వస్తాడు. గేటు దాకా వచ్చాడు. ఆ రోజు తలెత్తితే ఏడుస్తానని ఎత్తలేదు. అంతమందిలో." నాన్న ముక్కు తుడుచుకున్నాడు. "పిలవాలని తెలీదే నాకు. వాడే వస్తాడనుకున్నా."

అక్క ఎంతో అనాలనుకుంది.  కోపం కావాల్సినంత ఉంది. దాన్ని పట్టుకుని నిలబడే తీరిక లేదు. లోపల గడియారం పన్నెండు కొట్టింది.

*

నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు, మొదటిది, బిగించారు. కొత్త పెట్రోలులో ఇంజన్ నూనె కలిపి ట్యాంకులో పోశారు. ఈ రకం బండికి పెట్రోలులోనే నూనె కలపాలి. అక్క కిక్కరు మీద నిలబడి తొక్కింది. తమ్ముడు పాడుపడ్డ క్వారీ మైదానంలో నేర్పినట్టే, ముందు మెత్తగా నొక్కి, గట్టిపడ్డ చోట ఆగి, అప్పుడు ఒంటి బరువంతా వేసి. పది సార్లు. ఇరవై. బండి దగ్గలేదు, తుమ్మలేదు. సైలెన్సరు గొట్టంలోంచి నల్లటి జిగురు చుక్కలు మాత్రం రాలాయి.

నిదానం ప్లగ్గు విప్పాడు. మొన నూనెలో ముంచి తీసినట్టుంది. తుడిచి, కడిగి, మళ్ళీ బిగించాడు. మళ్ళీ అదే. రెండోది పెట్టాడు. అదీ తడిసింది. దాన్ని స్టవ్వు మంట మీద ఆరబెడుతుంటే టిక్కుమని తెల్ల పింగాణీ చీలింది.

అతని డబ్బాలో ఈ బండికి సరిపోయే ప్లగ్గులు మూడే ఉన్నాయి. వాటి తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. మొదటిది ఎంత తుడిచినా నిప్పురవ్వ రావడం మానేసింది. మిగిలింది ఒక్కటి.

"నిదానం" అంది అక్క. ఆమె గొంతులో అది పిలుపో బతిమాలడమో తెలియలేదు. "ఏదో ఒకటి చెయ్యరా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒకటి వంగదు, రెండోది పట్టుకో" అన్నాడు కానీ నవ్వలేదు. బండి పక్కన నేల మీద కూలబడి నుదురు రుద్దుకున్నాడు. హఠాత్తుగా ఆగాడు. "బాబాయ్! నెలకి చెంచాడన్నావు కదా. పోసిన నూనె మళ్ళీ తీశావా?"

"తీయడమేంటి? కింద తొట్టిలోకి దిగుతుంది కదా. పంపులో అంతే."

"ఓరి నాయనో!" నిదానం తల పట్టుకున్నాడు. "ఇది పంపు కాదు బాబాయ్. దీనికి తొట్టి లేదు. మడ్డి తీసే బిరడా కూడా లేదు. నువ్వు పోసింది పోసినట్టు ఇంజను పొట్టలోనే కూర్చుంది. పన్నెండు పంతొమ్మిదులు ఎంత? రెండొందల ఇరవై ఎనిమిది చెంచాలు! గొట్టంలోంచి కారింది కారగా, మిగిలిందంతా లోపలే. ఇది తొక్కినప్పుడల్లా పెట్రోలు తాగట్లేదు, నీ నూనె కక్కుతోంది."

నాన్న కుర్చీలోంచి లేచాడు. నిలబడటానికి స్తంభం పట్టుకున్నాడు.

"నేను పాడు చేశానా?"

ఆ అడిగిన తీరుకు అక్క కోపంలో సగం ఎటో పోయింది. ఇంజను గురించే అడిగాడో, ఇంకా దేని గురించి అడిగాడో.

"పాడు చేశావు, కాపాడావు కూడా" అన్నాడు నిదానం లేస్తూ. "ఆ నూనె లేకపోతే లోపల రబ్బరు సీళ్ళు ఎప్పుడో ఎండి పగిలేవి. పిస్టను అతుక్కుపోయేది. ఇప్పుడా లెక్కలొద్దు. అక్కా, ట్యాంకు దించు. కార్బొరేటరు నేను తీస్తా. బండిని తలకిందులు చెయ్యాలి."

"తలకిందులా?"

"దారి ఒక్కటే ఉంది, ప్లగ్గు పెట్టే రంధ్రం. అది కిందికి రావాలి. పట్టు."

నేల మీద గోతాలు పరిచారు. వంద కిలోల బండి. ఒక ఆడమనిషి, ఒక వంగని కాలు. రెండుసార్లు ఎత్తారు, రెండుసార్లూ సగంలో జారింది. అక్క మోచెయ్యి గీసుకుపోయింది. మూడోసారి ఎత్తుతుంటే బరువు ఒక్కసారిగా తగ్గింది. తల తిప్పితే నాన్న. వెనక చక్రం కింద భుజం పెట్టి నిలబడ్డాడు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి.

"నాన్నా, వదులు! నడుం పడిపోద్ది!"

నాన్న ఎడమ చేత్తో చక్రం పట్టుకుని, కుడి పిడికిలి బిగించి ఎత్తాడు. నడవనీ.

బండి తలకిందులైంది. హ్యాండిలూ సీటూ గోతాల మీద ఆనాయి, రెండు చక్రాలూ ఆకాశం వైపు. నిదానం కిక్కరు నొక్కాడు. ముందు ఒక చుక్క. తర్వాత బొళుక్కున నూనె. నొక్కిన కొద్దీ వచ్చింది. పైపైన కొత్తది తేనె రంగులో, లోపలినుంచి పాతది కాఫీ డికాషనులా, అడుగుది తారులా. గోతాలు తడిసి, వాకిలి తడిసి, గేటు వైపు సన్నగా పాకింది. ఆ నూనెలో ఏ ధార ఏ ఏడాదిదో ఎవరు చెప్పగలరు? తమ్ముడు వెళ్ళిన మొదటి నెలది కూడా అందులోనే ఉంది. అమ్మ పోయిన నెలది కూడా.

ఆఖరి చుక్కలు పడేదాకా నిదానం కిక్కరు నొక్కుతూనే ఉన్నాడు.

"అంతా రాదు" అన్నాడు నిదానం చివరికి. "సందుల్లో మిగిలింది మిగులుద్ది. అది కాలిపోవాలి. వినక్కా, బాగా విను. ఇది స్టార్టయితే, మొదటి అరగంట ఆపకూడదు. ఊరికే నిలబెట్టి ఉంచినా ప్లగ్గుకి నూనె పట్టేస్తుంది. స్టార్టయిన వెంటనే కదలాలి, కదిలాక ఆగకూడదు. ఆగిందా, ఇంకో ప్లగ్గు లేదు. ఇవాళ్టికి ఇంతే."

*

అన్నీ మళ్ళీ బిగించేసరికి ఒంటిగంటా యాభై.

అక్క రెయిన్‌కోటు వేసుకుంది. భుజాన సంచిలో టార్చి, రొట్టె, నీళ్ళ సీసా, తమ్ముడి పాత చొక్కా ఒకటి. ఇరవై నాలుగేళ్ళవాడి కొలత. నలభై మూడేళ్ళ మనిషికి పట్టదని తెలిసే పెట్టుకుంది. ఫోన్ జేబులో ఉంది. వీధి చివర మలుపు దాటితే సిగ్నలు పోతుంది. కొండ మీద అసలే ఉండదు. అయినా పెట్టుకుంది.

కిక్కరు మీద నిలబడింది. మెత్తగా నొక్కింది. గట్టిపడ్డ చోట ఆగింది. కళ్ళు మూసుకుని ఒంటి బరువంతా వేసింది.

ఏమీ లేదు.

రెండోసారి, సైలెన్సరులో ఏదో గొణిగింది.

మూడోసారి బండి దగ్గింది, తెల్లగా ఒక ముద్ద పొగ కక్కింది. ఆగబోయింది. నిదానం "రెయిజ్! రెయిజ్! వదలకు!" అని గొంతు చించుకుంటుంటే అక్క మణికట్టు తిప్పింది. అంతే, వీధి దద్దరిల్లింది. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. ఇంటి కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. నల్లగా, తెల్లగా, బూడిదగా, పంతొమ్మిదేళ్ళ నూనె పొగై వాకిలంతా కమ్మేసింది. ఆ మోత నాన్న చెవిటి చెవికి కూడా చేరినట్టుంది. ఆయన నోరు తెరుచుకుని, ఏ వైపూ చూడకుండా నిలబడిపోయాడు.

"పో అక్కా! కదులు!"

అక్క గేరు వేయబోయింది. అప్పుడే తొడ దగ్గర వణుకు తెలిసింది. బండి వణుకనుకుంది. బండిది కాదు. జేబులో ఫోన్.

ఎడమ చేత్తో బయటికి లాగింది. తెర మీద ఆసుపత్రి నంబరు.

ఈ మోతలో ఏమీ వినపడదు. వినాలంటే ఇంజను ఆపాలి. ఆపితే ఇక లేవదు. ఫోన్ వణుకుతూనే ఉంది. "తమ్ముడు లేచి కూర్చున్నాడు" అని చెప్పడానికి చేశారేమో. ఇంకొకటి చెప్పడానికి చేశారేమో. ఆ ఇంకొకటే అయితే, ఈ బండి ఎక్కడికి వెళ్ళాలి? అక్క వేలు ఇంజను ఆపే మీట దగ్గరికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

ఒక ముడతల చెయ్యి పొగలోంచి వచ్చి ఆ వేలిని పక్కకు తోసింది. ఫోన్ లాక్కుంది.

నాన్న ఆమె చెవికి నోరు ఆనించి అరిచాడు.

"నేను వింటా! వాడి సంగతి ఏదైనా నేను వింటా! నువ్వు పో!"

పంతొమ్మిదేళ్ళుగా ఆ ఒక్కడి సంగతి చెవిన పడకుండా లేచి వెళ్ళిపోతూ వచ్చిన మనిషి, ఫోన్‌ను కుడి చెవికి అదుముకుని, రెండో చేత్తో స్తంభాలు, గోడలు పట్టుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. మోత వినపడకుండా తలుపు లాగి మూసుకున్నాడు.

బండి చప్పుడు మారింది. ప్లగ్గుకు నూనె పట్టబోతోంది. నిదానం సీటు మీద అరచేత్తో బాదాడు. అక్క గేరు వేసి క్లచ్చు వదిలింది.

గేటు దాటింది. నేర్చుకున్నది ఒళ్ళు మరిచిపోలేదు. మోకాళ్ళతో ట్యాంకును ఎలా పట్టుకోవాలో, భుజాలు ఎక్కడ వదలాలో, అన్నీ తమ్ముడి గొంతుతో సహా తిరిగొచ్చాయి. ముందు చూడవే అక్కా, చక్రం చూడకు. ఎదురింటివాళ్ళు, కొట్టువాళ్ళు పక్కకు తప్పుకున్నారు. మలుపు వంద గజాలు. ఎనభై. ఆ మలుపు తర్వాత నాన్న విన్న మాట ఆమెను చేరే దారి లేదు. రాత్రికి తమ్ముడి గది తలుపు తీసేదాకా లేదు.

రేసు బండికి అద్దాలుండవు.

వెనక్కి చూడకూడదని తెలుసు. ఇరవై గజాలుందనగా చూసింది.

నాన్న వీధి నడుమ ఉన్నాడు. చేతికర్ర లేదు, చెప్పులు లేవు. పరిగెడుతున్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి నడిరోడ్డు మీద, తూలుతూ, ఆమె వెంట పరిగెడుతున్నాడు. ఇక కాళ్ళు రాక ఆగాడు. ఆగి, కుడి చెయ్యి తలపైకి ఎత్తాడు.

చెయ్యి లేవడం అక్క చూసింది. అది పిడికిలో, అరచెయ్యో చూసేలోగా, ఆయన నెలకొక చెంచాడు చొప్పున పోసిన నూనె తెల్లటి పొగై ఇద్దరి మధ్యా అడ్డంగా లేచింది.

మలుపు వచ్చేసింది.